ఇంజన్ మార్చినాక టెంపరేచర్ ముల్లు తిక్కతిక్కగా చూపిస్తాందా? మీటర్ కొనే ముందు ఇవి చూడండి

సెకండ్ హ్యాండ్ ఇంజన్ ఎక్కించినాక బైక్ బాగానే స్టార్ట్ అయితాది, పికప్పూ బాగుంటాది, కానీ టెంపరేచర్ ముల్లు చల్లగా ఉందని చూపించే సి దగ్గరే పడుకుంటాది, లేదంటే కీ తిప్పంగానే సర్రుమని వేడి చూపించే హెచ్‌కి పోతాది. మీటర్ పోయిందని వెంటనే డబ్బులు తగలేయొద్దండప్పా, మీరు మార్చింది ఇంజన్ని, మీటర్ని కాదు కదా.

ముల్లు హెచ్‌లో ఉంటే ముందు అది నిజమేనేమో చూడండి. అనంతపురం ఎండాకాలంలో 42 డిగ్రీలు మామూలే, ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ తక్కువుంటే నిజంగానే కాగిపోతాది. రేడియేటర్ మూత మాత్రం ఇంజన్ పూర్తిగా చల్లారినాకే తీయండి, వేడిమీద తీస్తే మొహం కాల్తాది.

ఇప్పుడు అసలు టెస్ట్. ఇది ముల్లు మీటరు, ఒకే వైరు సెన్సరున్న బండ్లకే. డ్యూక్, సీబీఆర్ 250ఆర్ లాంటి డిజిటల్ గీతల బండ్లలో ఇట్లా చేయొద్దు, వాటిలో ఈసీయూ, అంటే ఇంజన్ని నడిపే చిన్న కంప్యూటర్, ఉంటాది, సర్వీస్ మాన్యువల్ చూసి మల్టీమీటర్‌తోనే పోండి. సెన్సర్ సిలిండర్ హెడ్ మీదో, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్ని రేడియేటర్లోకి పోనీయని వాల్వ్) డబ్బా మీదో ఉంటాది. కీ ఆన్ చేసి దాని వైరు పీకితే ముల్లు సి కి పడాల. ఆ వైరు కొసని ఇంజన్ బాడీకి ఒక్క క్షణం తాకిస్తే హెచ్ వైపు లేవాల, లేస్తాంటేనే తీసేయండి, పట్టుకోని కూర్చోవద్దు.

వైరు పీకినా ముల్లు దిగకపోతే వైరు ఎక్కడో బాడీకి తగుల్తాంది, ఇంజన్ ఎక్కించేటప్పుడు మౌంటింగ్ కీ ఛాసిస్‌కీ మధ్య నలిగి ఉంటాది, అక్కడే వెతకండి. ఇంజన్‌కి తాకిస్తే లేవకుండా బ్యాటరీ మైనస్‌కి తాకిస్తే లేచిందా, ఇంజన్ని బ్యాటరీ మైనస్ తో కలిపే ఎర్త్ పోయినట్టే. పాత ఇంజన్ దింపేటప్పుడు ఊడదీసిన ఎర్త్ వైరు తిరిగి బిగించకుండా వదిలేయడం, బిగించినా కొత్తగా కొట్టిన పెయింట్ మీదే బిగించడం, ఇవే ఎక్కువ. ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది బిగించండి. రెండింటికీ లేవకపోతే వైరు తెగింది, లేదా మీటర్‌కి కరెంటు రాలేదు, అన్నీ బాగుంటేనే మీటర్‌ని అనుమానించండి.

రెండు టెస్టులూ పాసైతే మిగిలింది సెన్సరే. కొత్త ఇంజన్ వేరే మోడల్‌దైతే మరలు ఒకటే అయినా ఓమ్స్ (కరెంటుని అడ్డుకునే రెసిస్టెన్స్) వేరే ఉండొచ్చు, అప్పుడు ముల్లు తిరుగుతాది గానీ తప్పు చూపిస్తాది. పాత సెన్సర్ పారేయకుండా అదీ, కొత్త ఇంజన్ సెన్సరూ రెండింటి కొసలూ ఒకే గిన్నెలో వేడినీళ్లలో ముంచి మల్టీమీటర్ ఒక మొన టెర్మినల్‌కి, ఇంకోటి మరకి పెట్టి చూడండి, నీళ్లు కాగేకొద్దీ ఓమ్స్ తగ్గాల. రెండింటికీ చానా తేడా ఉంటే, మర సరిపోతే మీ మీటర్‌తో వచ్చిన పాతదే బిగించండి. టెఫ్లాన్ టేప్ మందంగా చుట్టొద్దు, ఒకే వైరు సెన్సర్‌కి ఆ మరే ఎర్త్. సెన్సర్ వైరు ఫ్యాన్ స్విచ్ కప్లర్ (వైరు కొసన ఉండే ప్లగ్)తో తారుమారు అయిందేమో కూడా చూసుకోండి.

ముల్లు ఎగిరెగిరి పడ్తాంటే కూలెంట్‌లో గాలి ఇరుక్కుని ఉండొచ్చు. చల్లటి ఇంజన్ మీద మూత తీసి, స్టార్ట్ చేసి ఐడిల్‌లో పెట్టి, బండిని అటూ ఇటూ వంచుతా బుడగలు ఆగేదాకా కూలెంట్ పోయండి. గాలి వదిలే బ్లీడ్ బోల్ట్ ఉంటే ఇంకా సులువు.

ఇంకోటి, మన ఎండలకి ఇదెందుకులే అని ఎవరో థర్మోస్టాట్ పీకేసిన ఇంజన్లు కూడా అమ్మకానికొస్తాయి. అట్లాంటిదైతే ఊర్లో ట్రాఫిక్‌లో ముల్లు లేస్తాది, గుత్తి వైపు హైవే ఎక్కంగానే సి కి జారిపోతాది. సెన్సర్లు మార్చుకుంటా కూర్చోకుండా ఆ డబ్బా విప్పి చూడండి, లోపల థర్మోస్టాట్ లేదని తేలితే కొత్తది వేయించండి.