చిటపటలు వస్తే ముందు రికార్డు కడగండి, సూది సంగతి తర్వాత

పాత గ్రామఫోన్ రికార్డు పెట్టగానే చిటపటమని మోత మొదలైతే ‘ఇది అరిగిపోయింది, ఇక ఇంతే’ అని పక్కన పడేయకండి. నేను అలా పక్కన పెట్టేసినవే కొన్ని, కడిగాక చక్కగా పలికాయి. గీత పడిన రికార్డు చప్పుడు వేరుగా ఉంటుంది. ప్రతి చుట్టుకీ ఒకేచోట, అంటే నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే స్పీడులో 1.8 సెకన్లకోసారి, టిక్కు టిక్కుమని లెక్కగా వస్తుంది, అది కడిగినా పోదు. ఒక లెక్కా పద్ధతీ లేకుండా వచ్చే చిటపటలు మాత్రం చాలావరకు దుమ్ము, వేలిముద్రల జిడ్డు, స్టాటిక్ (రాపిడికి పుట్టే విద్యుత్తు) వల్ల వచ్చేవే.

రోజూ వినే రికార్డుకి పొడి బ్రష్ చాలు. ప్లాటర్ (రికార్డు పెట్టే గుండ్రటి పళ్లెం) తిరుగుతుండగా కార్బన్ ఫైబర్ బ్రష్‌ని గాడుల మీద తేలిగ్గా ఆనించి, రెండు చుట్లు తిరగనిచ్చి, మెల్లగా అంచు వైపు లాగేయండి. నొక్కితే దుమ్ము లోపలికి దిగుతుంది.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాటికి తడి శుభ్రం తప్పదు. 400 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, 100 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రంగూ వాసనా లేని డిష్‌వాష్ లిక్విడ్ రెండే రెండు చుక్కలు, అంతకు మించి వద్దు. కుళాయి నీళ్లు వాడకండి, ఆరాక అందులోని లవణాలు గాడిలోనే ఉండిపోతాయి. లేబుల్ తడవకుండా చూసుకుంటూ మైక్రోఫైబర్ గుడ్డతో గాడి తిరిగిన దిశలోనే గుండ్రంగా తుడవండి, అడ్డంగా రుద్దకండి. తర్వాత ఇంకో శుభ్రమైన గుడ్డతో, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ తుడవాలి. చాలామంది వదిలేసేది ఈ రెండో తుడుపునే. సబ్బు మిగిలిపోతే అది ఎండి, పాట నడుస్తుండగా సూదికి తెల్లటి పిండిలా పట్టుకుంటుంది. నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వండి. కడిగిన రికార్డుని మళ్లీ ఆ పాత కాగితం కవరులోనే దూర్చితే పడ్డ కష్టమంతా వృథా, లోపలి కవరు కొత్తది వేయండి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. బరువుగా ఉండి, కింద పడితే పలకలా పగిలిపోయే పాతకాలపు 78 స్పీడు రికార్డులు ఎక్కువగా లక్కతో చేసినవి. ఆల్కహాల్ తగిలితే లక్క కరుగుతుంది. వాటికి ఈ ద్రవం చుక్క కూడా తగలనివ్వకండి. సూది కూడా వేరేది కావాలి, ఎల్పీ (33⅓ స్పీడు రికార్డు) సూది ఆ వెడల్పు గాడిలో అడుగున దొర్లుతుంది.

ఇక సూది. లైటు కింద పెట్టి చూస్తే కొసకి బూడిద రంగు నూగు ఉండలా చుట్టుకుని కనిపిస్తుంది. దాన్ని ఎప్పుడూ వెనక నుంచి ముందుకే, అంటే రికార్డు తిరిగే వైపే, చిన్న బ్రష్‌తో తీయండి. పక్కలకి తుడిస్తే సూదిని మోసే సన్నటి కడ్డీ వంగుతుంది. వేలితో అసలు వద్దు.

ట్యూనింగ్ మొదలుపెట్టేముందు టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) సమమట్టంగా ఉందో లేదో ప్లాటర్ మీద లెవెల్ పెట్టి చూడండి. స్పీకర్లున్న బల్ల మీదే దీన్నీ పెట్టకండి, ఆ అదురు సూదిలోకి వచ్చేస్తుంది. తర్వాత సూది గార్డు తీసి, యాంటీ స్కేటింగ్ (సూది రికార్డు మధ్యకి లాగుకుపోకుండా ఆపే అమరిక) సున్నా చేసి, టోన్ ఆర్మ్ (చివర సూది ఉండే పొడవాటి చేయి) పైకీ కిందికీ పోకుండా గాల్లో తేలేవరకు వెనక ఉన్న బరువుని తిప్పండి. అక్కడ డయల్‌ని సున్నాకి తెచ్చి, కార్ట్రిడ్జ్ (సూది బిగించి ఉండే చిన్న పెట్టె) కంపెనీ చెప్పిన బరువు పెట్టండి. ఉదాహరణకి ఆడియో-టెక్నికా వీఎం95ఈకి 2 గ్రాములు, ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కి 1.8 గ్రాములు. డయల్‌ని పూర్తిగా నమ్మకుండా సూది బరువు తూచే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి దగ్గర ఉంచుకోండి. బరువు తగ్గిస్తే రికార్డు తక్కువ అరుగుతుందనుకుంటారు, నిజానికి మరీ తేలికైన సూది గాడిలో కుదురుగా కూర్చోక ఎగిరెగిరి గోడలకి కొట్టుకుంటుంది, దాంతోనే ఎక్కువ పాడవుతుంది. కంపెనీ ఇచ్చిన పరిధి దాటి కిందికి పోవద్దు.

కార్ట్రిడ్జ్ కోణం సరిచేయడం ఓపిక పని. ప్రొట్రాక్టర్ (కోణం సరిచూసే గీతలున్న) కాగితం మీద ఉన్న రెండు చుక్కల దగ్గరా, సాధారణంగా మధ్య మేకు నుంచి 66, 121 మి.మీ. దూరంలో ఉంటాయవి, కార్ట్రిడ్జ్ గీతలకి సరిగ్గా సమాంతరంగా కూర్చోవాలి. ఒకచోట కుదిరాక ఇంకోచోట తప్పుతుంది, స్క్రూలు కొంచెం వదులు చేసి జుట్టుమందంలో జరుపుతూ పోవాలి. నాకు మొదటిసారి ఒక సాయంత్రమంతా పట్టింది. కార్ట్రిడ్జ్ జరిగితే బ్యాలెన్స్ మారుతుంది కాబట్టి చివర్లో బరువు మళ్లీ తూచండి.

యాంటీ స్కేటింగ్‌ని ముందు సూది బరువుకి సమానంగా పెట్టి వినండి. కుడి స్పీకర్‌లో మాత్రమే గొంతు చీలినట్టుంటే కొంచెం పెంచండి, ఎడమ వైపైతే తగ్గించండి. పాట నడుస్తుండగా ఆర్మ్ రికార్డుకి సమాంతరంగా ఉంటే ఎత్తు సంగతి అంతటితో సరి.

ఆగకుండా హుమ్మని వస్తుంటే గ్రౌండ్ వైరు బిగించారో లేదో చూడండి. శబ్దం సన్నగా, బాస్ లేకుండా వస్తుంటే ఫోనో ప్రీయాంప్ (సూది నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచి బాస్ సరిచేసే పరికరం) లేకుండా నేరుగా లైన్ ఇన్‌పుట్‌కి పెట్టి ఉంటారు.

అన్నీ అయ్యాక ఒక వైపు చివరి పాట పెట్టి వినండి. లేబుల్‌కి దగ్గరయ్యేకొద్దీ గాడి చుట్టు చిన్నదై పొరపాట్లన్నీ అక్కడే బయటపడతాయి. గాయకురాలి ‘స’, ‘శ’ ఉమ్మినట్టు బుస్సుమంటే ప్రొట్రాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లాల్సిందే. తేటగా పలికితే స్క్రూలు బిగించి, ఆ రెండో వైపు కూడా పెట్టుకోండి.