మధ్యాహ్నం నీడ పడే పెరట్లో గులాబీలు

గులాబీకి రోజుకి ఆరు గంటల ఎండ కావాలని నర్సరీలో అందరూ చెప్తారు, మాట కరెక్టే గానీ మన విజయనగరం ఏప్రిల్, మే ఎండలకి కూడా అదే లెక్క పెట్టుకుంటే పొద్దున్న విచ్చుకున్న పువ్వు భోజనాల వేళకే అంచులు మాడిపోయి రంగు వెలిసిపోతాది. మా ఇంట్లో ఎండ సరిగ్గా రాదని గులాబీ ఆశ వదిలేసుకున్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, పొద్దున్న నాలుగైదు గంటలు ఎండ పడి మధ్యాహ్నం నుంచి నీడ ఉంటే మన దగ్గర గులాబీకి అంతకన్నా మంచి చోటు లేదు.

అయితే ఏ నీడైనా పర్లేదు అనుకోకండి. ఇంటికి తూర్పు వేపు బెస్ట్. పడమర వేపు పొద్దున్నంతా నీడే, తీరా ఎండ వచ్చేసరికి పడమటెండ, పైగా గోడ రాత్రిదాకా వేడి కక్కుతానే ఉంటాది, అక్కడ వద్దు. ఉత్తరం గోడ పక్కన ఒక చిక్కుంది: మన ఊళ్ళో మే రెండో వారం నుంచి జులై చివరిదాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి ఉంటాడు, అందుకని వద్దన్నప్పుడు అక్కడ ఎండ పడతాది, పువ్వులు బాగా రావాల్సిన డిసెంబరులో మాత్రం గోడ నీడలోనే ఉండిపోతాది. అందుకే వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చూసుకోండి. పొద్దున్న ఏడు నుంచి గంట గంటకీ నీడ అంచు వెంబడి ముగ్గుపిండితో గీత గీయండి, సాయంత్రానికి ఎక్కడ ఎన్ని గంటలు ఎండ పడిందో నేల మీదే కనిపిస్తాది. మూడు గంటలు కూడా రాకపోతే అక్కడ గులాబీ వద్దండి, కొమ్మలు సాగుతాయి గానీ మొగ్గ కట్టదు.

మామిడి చెట్టు కింద నేలలో కూడా పెట్టకండి, నీడ కంటే దాని వేళ్ళతోనే బాధ, మీరు పోసిన నీళ్ళన్నీ అదే తాగేస్తాది. పెట్టాలంటే పన్నెండు అంగుళాల కుండీలో, కింద ఇటుకలు పెట్టి, కొమ్మల అంచు దగ్గర వెలుతురు దిగే చోట పెట్టండి.

రకాల్లో నాటు పన్నీరు గులాబీ, బటన్ గులాబీ, గుత్తులుగా పూసే తెల్ల ఐస్‌బర్గ్ తక్కువ ఎండతో సర్దుకుంటాయి. హైబ్రిడ్ టీ అనే పెద్ద పువ్వుల రకాలకి ఎండ ఎక్కువే కావాలి, కాకపోతే ముదురు ఎరుపు వాటి రేకులు మధ్యాహ్నం నీడ ఉంటేనే మాడకుండా ఉంటాయి. కడియం నర్సరీల నుంచి వచ్చే అంటుమొక్కలు కొన్నప్పుడు అంటు కట్టిన ముడి మట్టికి పైనే ఉండాలి, ముడి కింద నుంచి వచ్చే చిగురు ఎంత ఏపుగా ఉన్నా పీకేయండి.

మట్టికి రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు), అరపాలు ఇసక, గుప్పెడు వేపపిండి. పచ్చి గెత్తం వేస్తే వేళ్ళు మాడతాయి. నీడలో ఉన్న మొక్కకి యూరియా జోలికి పోకండి, ఆకు పెరుగుతాది, పువ్వు తగ్గుతాది. పైన ఊకో, ఎండాకులో రెండంగుళాలు పరిచి మొదలుకి మాత్రం తగలకుండా చూడండి, పాత గోనె సంచి ముక్క తడిపి పరిచినా సరే. నీళ్ళు పొద్దున్నే, అడుగు నుంచి కారేదాకా. నీడలో కుండీ నెమ్మదిగా ఆరుతాది కాబట్టి ముందు వేలు రెండు కణుపులు దింపి చూసి, పొడిగా ఉంటేనే పోయండి.

బొబ్బిలి, సాలూరు వేపు పొడి వేడికి ఎర్రనల్లి పడతాది. ఆకు కింద తెల్లకాగితం పెట్టి తట్టండి, ఇటుకరంగు చుక్కలు నడుస్తుంటే అదే. ఆకు అడుగున పొద్దున్నే నీళ్ళు గట్టిగా కొట్టండి, తగ్గకపోతే సాయంత్రం లీటరుకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్ళు కలిపి స్ప్రే చేయండి. భోగాపురం, కళింగపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఆకు మీద తడి నిలిచి నల్లమచ్చ ఎక్కువ వస్తాది, అక్కడ సాయంత్రం ఆకులు తడపొద్దు. నీడలో గాలి ఆడకపోతే బూడిద తెగులు కూడా పట్టుకుంటాది, కుండీకీ కుండీకీ మధ్య అడుగున్నర వదలండి.

ప్రూనింగ్ దసరా తర్వాత వచ్చే మన సిరిమానోత్సవం అయ్యి వానలు తెరిపిచ్చాక. ఎండ తక్కువ పడే మొక్కని మరీ పొట్టిగా కొట్టేయకండి, మూడోవంతు తీస్తే చాలు, లోపలికి పోయే సన్నకొమ్మలు తీసేసి, బయటికి చూసే కన్నుకి (చిగురు పుట్టే చోటు) పావంగుళం పైన ఏటవాలుగా కోయండి. కోసిన దగ్గర్నుంచి పువ్వుకి సుమారు నలభై ఐదు, యాభై రోజులు పడతాది కాబట్టి సంక్రాంతికి పూయాలంటే కత్తెర నవంబరు చివర్లో పట్టండి.