ఫ్రాన్స్ అనుకుని వేల్స్‌లో దిగిన పైలట్: ఆ దారిలో మీరే ఎగిరి చూడండి

ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ ఉన్నవాళ్లకు ఒక ఆదివారం సాయంత్రానికి సరిపడా పని చెబుతాను. 1942 జూన్ 23న ఆర్మిన్ ఫాబర్ అనే జర్మన్ పైలట్ తన ఫోకె-వుల్ఫ్ 190 యుద్ధవిమానాన్ని భద్రంగా దించాడు. తీరా చూస్తే అది వేల్స్‌లోని పెంబ్రీ, బ్రిటిష్ వైమానిక స్థావరం! కంపాస్‌ని తలకిందులుగా చదివాడని, ఉత్తరాన్ని దక్షిణం అనుకున్నాడని ఎక్కువమంది చెప్పే మాట. వైమానిక దళంలో నావిగేటర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, అంతటితో కథ ముగిస్తే ఒప్పుకోలేను. కంపాస్ తప్పినా చేతికి వాచీ ఉంటుంది, ఆకాశంలో సూర్యుడుంటాడు.

విమానం ఏదైనా ఫర్వాలేదు. సెస్నా 172 చాలు, గంటకు 200 కిలోమీటర్లు అనుకుందాం. ఇంగ్లండ్ నైరుతిలోని ఎక్సెటర్ ఎయిర్‌పోర్ట్‌లో మొదలుపెట్టండి. ఫాబర్ చివరి పోరాటం ఆ చుట్టుపక్కలే జరిగింది. చెక్ పైలట్ ఫ్రాంటిషెక్ ట్రెయిట్‌నర్ నడుపుతున్న బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌ని ఫాబర్ కూల్చాడు. ట్రెయిట్‌నర్ పారాచ్యూట్‌తో బయటపడ్డాడు. అంత గిరగిరా తిరిగాక ఎవరికైనా దిక్కు తెలియదు, అక్కడిదాకా ఫాబర్‌ని తప్పుపట్టను. తేదీ జూన్ 23, టైము సాయంత్రం 7, గాలి సున్నా, ఆకాశం నిర్మలం అని పెట్టుకోండి.

ఫాబర్ వెళ్లాల్సింది ఫ్రాన్స్‌లోని మోర్లే. ఎక్సెటర్ నుంచి హెడింగ్ (ఉత్తరం నుంచి కుడివైపుగా డిగ్రీల్లో కొలిచే దిక్కు) 187, దూరం సుమారు 240 కిలోమీటర్లు. మీరు మాత్రం దానికి సరిగ్గా ఎదురు, 007 పట్టండి. అంటే దాదాపు నేరుగా ఉత్తరం. టేకాఫ్ కాగానే స్టాప్‌వాచ్ నొక్కండి.

ఇక్కడే అసలు పాఠం. దక్షిణానికి పోతే ఎక్సెటర్ నుంచి నాలుగైదు నిమిషాల్లో సముద్రం రావాలి. మీకు పదిహేను నిమిషాలు గడిచినా కింద పొలాలే కనిపిస్తాయి. కూర్చుని చూస్తుంటే ఆ పది నిమిషాలు చాలా పెద్దవి. తర్వాత నీళ్లొస్తాయి. ఇంగ్లిష్ ఛానల్ అయితే ఈ దారిలో దాటడానికి సెస్నాకి గంట పైనే పట్టాలి. ఇదేమో బ్రిస్టల్ ఛానల్, ఏడు నిమిషాలకే ఎదురుగా ఒడ్డు! ఫాబర్ విమానం మనదానికి రెట్టింపు పైనే వేగం కాబట్టి అతనికి ఈ లెక్కలన్నీ కుదించుకుపోయాయి, నిజమే. అయినా అరగంట పట్టాల్సిన సముద్రం మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతే అనుమానం రావద్దూ? ఇంధనం తగ్గుతున్నవాడికి ఒడ్డు కనిపిస్తే చాలు, అది తనదే అనిపిస్తుంది.

నీళ్ల మీద ఉన్నప్పుడే ఒకసారి ఎడమవైపు కిటికీ చూడండి. సాయంత్రపు సూర్యుడు అక్కడున్నాడు. ఫ్రాన్స్ వైపు పోయేవాడికి కుడి చేతివైపు ఉండాలి. దీనికి లెక్క కూడా అక్కర్లేదు.

ఒడ్డు చేరగానే కార్డిఫ్ ఎయిర్‌పోర్ట్ ఊరిస్తుంది. దాన్ని వదిలేసి ఎడమకు తిరిగి, తీరం పట్టుకుని స్వాన్సీ దాటి పెంబ్రీ వరకు వెళ్లండి, ఇరవై అయిదు నిమిషాలు. ఇప్పటికీ అక్కడ చిన్న ఎయిర్‌పోర్ట్ ఉంది, పాత స్థావరంలో కొంత భాగం కార్ల రేసింగ్ ట్రాక్ అయింది. ఫాబర్ గెలుపు ఖుషీలో రెక్కలూపి, పల్టీ కొట్టి మరీ దిగాడు. డ్యూటీలో ఉన్న సార్జెంట్ చేతికందిన సిగ్నల్ పిస్టల్‌తో పరుగెత్తి రెక్కెక్కి అతన్ని పట్టుకున్నాడు.

బ్రిటిష్‌వాళ్లకి అది లాటరీయే. ఈ విమానం ముందు వాళ్ల స్పిట్‌ఫైర్ 5 తేలిపోతోంది. ఒకదాన్ని ఫ్రాన్స్ నుంచి దొంగిలించడానికి కమాండోలతో ‘ఎయిర్‌థీఫ్’ అనే పథకం కూడా వేసుకున్నారు. ఫాబర్ పుణ్యమా అని ఎవరూ వెళ్లాల్సిన పనిలేకపోయింది. ఇలాంటిది మనకూ జరిగింది. 1965 సెప్టెంబర్‌లో స్క్వాడ్రన్ లీడర్ సికంద్ నడిపిన నాట్ విమానం పాకిస్తాన్‌లోని పస్రూర్‌లో దిగింది. ఇప్పుడది కరాచీ మ్యూజియంలో ఉంది.

రెండోసారి ఎగిరేటప్పుడు కంపాస్ మీద కాగితం ముక్క అతికించండి. మ్యాప్ స్క్రీన్ కట్టేయండి. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి, టేకాఫ్ అయ్యాక మీరు కళ్లు మూసుకుంటే వాళ్లు విమానాన్ని తమకిష్టమైన దిక్కుకి తిప్పాలి. కళ్లు తెరిచి, వాచీ, సూర్యుడు, కింద కనిపించే నేల, ఈ మూడింటితో ఎటు పోతున్నారో కాగితం మీద రాయండి. రాశాకే కంపాస్ తెరవాలి. మా మనవడికైతే సూర్యుణ్ణి కూడా మబ్బులతో మూసేసి ఇస్తున్నాను.