జనం ఏ వార్తను ఎంత పట్టించుకున్నారు? కొలవడం ఎలా?

జనం గూగుల్‌లో దేన్ని ఎంత వెతికారో చూపించే సేవ గూగుల్ ట్రెండ్స్. రెండు వేరువేరు సార్లు దించుకున్న దాని అంకెలను పక్కపక్కన పెట్టి, ‘ఈ వార్త మీద ఆసక్తి ఆ వార్త కంటే రెట్టింపు’ అని తేల్చేసిన నివేదికలు నేను ఎన్ని చూశానో లెక్క లేదు. ఒక సదస్సులో అయితే అలాంటి బొమ్మను తెర మీద వేసి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆ రెట్టింపుకు అర్థమే లేదు. ఎందుకు లేదో అయిదో మెట్టులో చెబుతాను. ఓపిక లేనివాళ్లు నేరుగా అక్కడికే వెళ్లవచ్చు. మిగతాది ఎవరైనా చేయగల పనే.

కావలసినవి: కంప్యూటర్, ఇంటర్నెట్, ఏదో ఒక స్ప్రెడ్‌షీట్, ఒక నోటుపుస్తకం. ప్రోగ్రామింగ్ రానక్కరలేదు. వచ్చినా మొదటిసారి దాని జోలికి వెళ్లకండి. స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి అంకె కళ్ల ముందు ఉంటుంది, వంకర వస్తే కనబడుతుంది. ప్రోగ్రాంలో తప్పు లోపలే దాక్కుని, చివర్లో అందమైన గీతగా బయటికి వస్తుంది.

1. ఏది కొలుస్తున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి

పత్రికలు ఎంత రాశాయి, జనం ఎంత వెతికారు, అడిగితే జనం ఏమన్నారు. ఈ మూడూ మూడు వేరే సంగతులు. కలిపేస్తే ఏదీ మిగలదు. 1968 అమెరికా ఎన్నికల సమయంలో మెక్‌కూంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు చాపెల్ హిల్‌లో ఇంకా ఎవరికి ఓటు వేయాలో తేల్చుకోని 100 మందిని ప్రశ్నించి, వాళ్లు ముఖ్యమన్న అంశాలను పత్రికలు, టీవీ ప్రాధాన్యం ఇచ్చిన అంశాలతో పోల్చారు. 1972లో అచ్చయిన ఆ అధ్యయనాన్ని ఇప్పటికీ చదువుతున్నారంటే కారణం, రాసినదాన్నీ జనం మనసులో ఉన్నదాన్నీ విడివిడిగా కొలిచి, ఆ తర్వాతే కలిపి చూడడం.

సర్వేల గురించి ఒక మాట. రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2012 నుంచి ఏటా వెలువరిస్తున్న డిజిటల్ న్యూస్ రిపోర్టు ప్రకారం, వార్తల మీద చాలా ఆసక్తి ఉందని చెప్పినవారు 2017లో 63 శాతం, 2022లో 51 శాతం. అప్పుడప్పుడైనా కావాలనే వార్తలకు దూరంగా ఉంటామన్నవారు అదే కాలంలో 29 నుంచి 38 శాతానికి చేరారు. ఇలాంటి దీర్ఘకాలపు సంగతి సర్వే తప్ప మరేదీ చెప్పలేదు. కానీ ఏ వార్తను, ఏ రోజున, ఎన్నాళ్లు పట్టించుకున్నారన్నది దానితో తేలదు. పైగా మనిషి నలుగురి ముందు చెప్పేది ఒకటి, రాత్రి పడుకునే ముందు ఫోనులో వెతికేది ఇంకొకటి. నేను ఆ రెండోదాన్నే నమ్ముతాను.

2. సమాచారం ఎక్కడ తీసుకోవాలి

మొదట వికీపీడియా పేజీ వీక్షణలు. ఇది నా ఇష్టం కాదు, నియమం అనుకోండి. ఇక్కడ దొరికేవి అసలు అంకెలు: ఫలానా పేజీని ఫలానా రోజున ఇన్నిసార్లు తెరిచారు, అంతే. 2015 జూలై నుంచి రోజువారీగా, ఉచితంగా ఉన్నాయి. వికీపీడియా ‘పేజ్‌వ్యూస్’ పరికరంలో పేజీ పేరు, తేదీలు ఇచ్చి ఫైలు దించుకోండి. చూసేది మనుషులా మరయంత్రాలా అన్న ఎంపికలో మనుషులనే ఉంచండి. దారి మార్పు పేజీలను కూడా కలపమన్న గడిలో టిక్కు పెట్టండి, లేకపోతే పాత పేరుతోనో మరో వర్ణక్రమంతోనో వచ్చినవాళ్లు లెక్కలోకి రారు. ఒక పెద్ద సంఘటన జరిగాక పుట్టిన పేజీకి నిన్నటి అంకె ఉండదు కదా. అందుకని ఆ సంఘటనకు చెందిన వ్యక్తి పేజీనో, ఊరి పేజీనో, అంతకు ముందు నుంచీ ఉన్నదాన్ని తోడుగా తీసుకోండి. ఈ అంకెలు భాషల వారీగా ఉంటాయి, దేశాల వారీగా కాదు. ఇంగ్లీషు పేజీని ఏ దేశం వాళ్లయినా తెరుస్తారు.

రెండోది గూగుల్ ట్రెండ్స్. 2004 నుంచి ఉంది, దేశాల వారీగా దొరుకుతుంది. అసలు తంటా దీనితోనే.

మూడోది పత్రికల వైపు కొలత: జీడెల్ట్. ప్రపంచమంతటి ఆన్‌లైన్ వార్తలను 2015 నుంచి ప్రతి 15 నిమిషాలకు నమోదు చేస్తోంది. దీనిలో ఉన్నది రాసినవాళ్ల ఆసక్తి. చదివినవాళ్ల ఆసక్తి అని పొరబడకండి.

సామాజిక మాధ్యమాల లైకులు, షేర్లు వద్దు. అవి ఇంకొకరి తలుపు తాళాలు. ట్విట్టర్ 2023లో తన సమాచారాన్ని ఉచితంగా దించుకునే దారి మూసేసింది. ఫేస్‌బుక్ పోస్టుల పరిశీలనకు వాడుకున్న క్రౌడ్‌టాంగిల్‌ను మెటా 2024 ఆగస్టులో మూసేసింది. సగం పని చేశాక తాళం పడితే ఏం చేస్తారు?

3. మాట ఎంచుకోవడం

గూగుల్ ట్రెండ్స్‌లో ఒక పేరు కొట్టగానే కింద రెండు రకాలు కనబడతాయి: శోధన పదం, అంశం. శోధన పదమంటే మీరు కొట్టిన అక్షరాలే. అంశమంటే ఆ విషయాన్ని ఏ భాషలో, ఏ వర్ణక్రమంతో వెతికినా ఒక గంపలో వేసేది. ఎప్పుడూ అంశాన్నే తీసుకోండి. ఒకే విషయాన్ని జనం సొంత లిపిలోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ నాలుగు తప్పులతోనూ కొడతారు. అన్నీ మీరు ఊహించలేరు. అంశం దొరకనప్పుడు మాత్రమే పదం. అప్పుడు కూడా ఆ పదంతో పాటు ఏయే మాటలు వెతికారో కింద చూపించే జాబితా చదివి, ఆ పేరుతో సినిమాయో, క్రికెట్ ఆటగాడో, ఫోనో లేదని రూఢి చేసుకోండి.

4. దించుకోవడం

దేశం, తేదీలు పెట్టి ఫైలు దించండి. రోజువారీ అంకెలు కావాలంటే వ్యవధి తొమ్మిది నెలలకు లోపు ఉండాలి. అది దాటితే వారానికి ఒక అంకె, అయిదేళ్లు దాటితే నెలకు ఒక అంకె వస్తాయి. నేను ఎనిమిది నెలల ముక్కలు తీస్తాను, పక్క ముక్కతో రెండు నెలలు కలిసేలా. పూర్తి వ్యవధికి ఇచ్చే నెలవారీ ఫైలును కూడా ఒకటి దించి పక్కన పెట్టండి. చివర్లో పనికొస్తుంది.

5. అతుకు వేయడం: ఇక్కడే అందరూ బోర్లా పడేది

ముందు 100 అంటే ఏమిటో తెలుసుకోండి. అది వందమంది కాదు, వందశాతమూ కాదు. మీరు అడిగిన దేశంలో, మీరు అడిగిన వ్యవధిలో, మొత్తం వెతుకులాటల్లో ఆ అంశం వాటా అన్నిటికంటే ఎక్కువగా ఉన్న రోజుకు గూగుల్ 100 అని పేరు పెడుతుంది. మిగతా రోజులన్నీ దానికి నిష్పత్తిలో ఉంటాయి. వ్యవధి మారిస్తే ఆ రోజు మారుతుంది, కొలబద్దే మారిపోతుంది. ఒక ముక్కలోని 100కూ మరో ముక్కలోని 100కూ చుట్టరికం లేదు.

ఉదాహరణకు మొదటి ముక్క జనవరి నుంచి ఆగస్టు వరకు అనుకుందాం. మార్చిలో పెద్ద వార్త వచ్చి 100 అయింది. జూలై, ఆగస్టుల సగటు 4. రెండో ముక్క జూలై నుంచి ఫిబ్రవరి వరకు. నవంబరులో ఒక వార్త వచ్చి 100 అయింది. అదే జూలై, ఆగస్టుల సగటు ఇక్కడ 20. రోజులు అవే, జనం వాళ్లే, అంకె మాత్రం అయిదు రెట్లు. కనుక రెండో ముక్క మొత్తాన్ని 4/20తో, అంటే 0.2తో గుణించాలి. అప్పుడు నవంబరు 100 కాస్తా 20 అవుతుంది. ఈ అతుకు వేయకుండా తెర మీద పెడితే మార్చి, నవంబరు సరిసమానంగా నిలబడేవి!

ఇంతవరకు చాలామంది చెబుతారు. ఇక్కడితో ఆగితే మళ్లీ తప్పే. గూగుల్ ఇచ్చేవి పూర్ణాంకాలు. 4 అని కనబడేది 3.5 కావచ్చు, 4.5 కావచ్చు. రోజూ 4 దగ్గరే కదలకుండా ఉంటే, ఎన్ని రోజుల సగటు తీసినా ఆ అనుమానం పోదు. మన గుణకం 0.175 నుంచి 0.225 వరకు ఎక్కడైనా ఉండవచ్చు, నవంబరు శిఖరం 17.5 నుంచి 22.5 వరకు ఎక్కడైనా పడవచ్చు. అందుకే ఉమ్మడి రోజులను, అంటే రెండు ముక్కల్లోనూ ఉన్న రోజులను, నెలల లెక్కన గుడ్డిగా పెట్టకండి. ఓ మోస్తరు వార్త ఒకటి ఆ ఉమ్మడి రోజుల్లో పడేలా ముక్కల హద్దులు జరపండి. 40 అన్న అంకె 39.5కూ 40.5కూ మధ్య ఉంటుంది, తప్పు 1.25 శాతం దాటదు. నిశ్శబ్దంగా ఉన్న రోజుల మీద అతుకు వేయడమంటే తడి గోడకు సున్నం కొట్టడమే. ఆ రోజుకు బాగానే కనబడుతుంది.

గుణకం తీసేటప్పుడు రోజుకొక నిష్పత్తి లెక్కగట్టి వాటికి సగటు తీయకండి. 1ని 2తో, 3ని 1తో భాగిస్తూ పోతే చిన్న అంకెల రోజులు లెక్క మొత్తాన్ని లాక్కుపోతాయి, సున్నా వచ్చిన చోట ఆగిపోతారు కూడా. ఉమ్మడి రోజులన్నీ కూడి, ఒక మొత్తాన్ని ఇంకో మొత్తంతో ఒక్కసారి భాగించండి. సున్నా అంటే ఎవరూ వెతకలేదని కాదు, చూపించేంత లేదని. కొన్ని గడుల్లో ‘1 కంటే తక్కువ’ అన్న గుర్తు ఉంటుంది. స్ప్రెడ్‌షీట్ దాన్ని అంకెగా కాక అక్షరాలుగా చూసి, కూడికలో చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. నేను వాటన్నిటికీ 0.5 రాస్తాను. మీరు ఇంకేదైనా రాయండి, కానీ అన్ని ముక్కల్లోనూ ఒకటే రాయండి.

మరో చిక్కు ఏమిటంటే గూగుల్ అన్ని వెతుకులాటలనూ లెక్కపెట్టదు, కొంత నమూనా తీస్తుంది. అదే ప్రశ్న ఇవాళ అడిగితే 37, ఎల్లుండి అడిగితే 41 రావచ్చు. తక్కువ మంది వెతికే అంశాలకు ఈ ఊగిసలాట ఎక్కువ. ప్రతి ముక్కనూ కనీసం అయిదు వేరువేరు రోజుల్లో దించి సగటు తీయండి. ఒకే గంటలో అయిదుసార్లు దించి ‘అన్నీ ఒకేలా వచ్చాయి’ అని సంబరపడకండి. తరచుగా అదే నమూనా మళ్లీ చేతికి వస్తుంది.

గొలుసు పొడవు కూడా చూసుకోండి. ప్రతి అతుకులోనూ ఒకే వైపు 5 శాతం తప్పు జరిగితే, పది అతుకులు దాటేసరికి అది 63 శాతం అవుతుంది. అందుకే మొదటి ముక్క నుంచి కాక మధ్య ముక్క నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ అతుకుతూ వెళ్లాలి. అయ్యాక ముందు పక్కన పెట్టిన నెలవారీ ఫైలు తీయండి. మీ రోజువారీ అంకెలకు నెల సగటు కట్టి, దానితో భాగించండి. ఆ నిష్పత్తి ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఒక అతుకు దగ్గర ఉన్నట్టుండి మారితే తప్పు అక్కడే ఉంది, మిగతావి ముట్టుకోకండి.

2011, 2016, 2022 జనవరి ఒకటో తేదీల దగ్గర గీత మెట్టులా లేచినా, దిగినా దాన్ని ప్రజాభిప్రాయంగా చదవకండి. మొదటి తేదీ నుంచి ఏ వెతుకులాట ఏ ప్రాంతానిదో తేల్చే పద్ధతిని, మిగతా రెండు తేదీల నుంచి సమాచార సేకరణ పద్ధతిని మెరుగుపరిచామని గూగులే గ్రాఫు మీద గుర్తు పెట్టింది. అలాగే 2004 నుంచి మెల్లగా దిగుతూ వచ్చే గీతలు కనబడతాయి. ఇది వాటా కాబట్టి, వెతికేవాళ్లు తగ్గకపోయినా మిగతా వెతుకులాటలు పెరిగితే గీత దిగుతుంది.

6. వార్తల గీతతో కలిపి చూడడం

ఇప్పుడు వికీపీడియా, ట్రెండ్స్, జీడెల్ట్ మూడింటినీ ఒకే తేదీల కింద మూడు గ్రాఫులుగా, ఒకదాని కింద ఒకటి వేయండి. ఒకే గ్రాఫులో ఎడమ ఒక కొలబద్ద, కుడి ఒక కొలబద్ద పెట్టే అలవాటు మానుకోండి. కొలబద్ద కాస్త లాగితే ఏ రెండు గీతలనైనా కవలలుగా చూపించవచ్చు. వికీపీడియా రోజు గ్రీనిచ్ సమయంతో మారుతుందని గుర్తుంచుకోండి. అర్ధరాత్రి వార్తల విషయంలో ఒక రోజు వెనకాముందు అయితే అది జనం గొప్పతనం కాదు, గడియారం తేడా.

వెతికారంటే దేనికి వెతికారో తెలిసిపోయినట్టు కాదు. 2008లో వచ్చిన గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ వెతుకులాటలతో జ్వరాలను అంచనా వేసేది. 2012–13 చలికాలంలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ అంకెలకు దాదాపు రెట్టింపు చూపించింది, 2015లో మూతపడింది. పరిశోధకులు చెప్పిన కారణాల్లో ఒకటి, పత్రికల్లో ఫ్లూ వార్తలు హోరెత్తడంతో ఒంట్లో బాగున్నవాళ్లూ వెతకడం. వాళ్లకు చెత్త అయిన ఆ వెతుకులాటే మన పనికి ముడిసరుకు.

దీనికి తిరగేసిన తప్పు 2016 జూన్‌లో జరిగింది. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలా వద్దా అని బ్రిటన్‌లో జరిగిన బ్రెగ్జిట్ ఓటింగు మర్నాడు, ఆ యూనియన్ గురించి అక్కడ ఎక్కువగా అడుగుతున్న ప్రశ్నల్లో ‘యూరోపియన్ యూనియన్ అంటే ఏమిటి’ అన్నది రెండోదని గూగుల్ ట్రెండ్స్ ప్రకటించింది. తెలియకుండానే ఓటు వేశారని శీర్షికలు వచ్చేశాయి. అడిగినవాళ్లు ఎందరో, వాళ్లలో ఓటు వేసినవాళ్లెవరో ఆ సూచీలో ఎక్కడ ఉంది?

గ్రాఫు నిలువు గీత పక్కన ‘ఆసక్తి’ అని ఒక్క మాట రాసి వదిలేయకండి. ‘మొత్తం వెతుకులాటల్లో వాటా, గరిష్ఠం 100’ అని రాయండి. కింద దేశం, అంశమా పదమా, అతుకు పడిన తేదీలు, వాడిన గుణకాలు రాయండి. దించిన ఫైళ్లలో ఒక్క అంకె కూడా మార్చకుండా వేరే ఫోల్డరులో దాచండి. పేరులో ముక్క సంఖ్య, మొదటి రోజు, చివరి రోజు, దించిన రోజు ఉండాలి. దించిన రోజు లేకపోతే, అయిదు నమూనాల్లో ఏది ఏదో వారం తిరిగేసరికి మీకే తెలియదు.