కమిట్ చరిత్ర నుంచి ఛేంజ్‌లాగ్ దానంతటదే తయారయ్యేలా చేయడం

రిలీజ్ రోజు సాయంత్రం ఒకరు కూర్చుని, రెండు వారాల కమిట్లన్నీ (కోడ్ చరిత్రను దాచే గిట్‌లో నమోదైన మార్పులు) చదివి ఛేంజ్‌లాగ్ (ఏ వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే జాబితా) రాయడం మాదాపూర్, గచ్చిబౌలి టీముల్లో ఇంకా జరుగుతూనే ఉంది. ఆ పని టూల్‌కు అప్పగించొచ్చు. అయితే కమిట్ సందేశంలో లేని సంగతిని ఏ టూలూ పుట్టించలేదు. "ఫిక్స్", "మార్పులు", "మళ్లీ ట్రై" అని రాసిన చరిత్ర నుంచి అవే మాటలు బయటికొస్తాయి. కాబట్టి శ్రమ ఎక్కువగా పెట్టాల్సింది మెర్జ్ దగ్గర, అంటే మార్పును ప్రధాన కోడ్‌లో కలిపే చోట.

ముందు మీ చరిత్ర ఎలా ఉందో చూడండి. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాలతోనే కొట్టాలి.

గిట్ లాగ్ వి1.4.0..హెడ్ --నో-మెర్జెస్ --ప్రెట్టీ=ఫార్మాట్:"- %ఎస్ (%హెచ్)"

వి1.4.0 అంటే గత రిలీజ్ ట్యాగ్ (ఆ వెర్షన్‌కు గిట్‌లో పెట్టిన గుర్తు), హెడ్ అంటే ఇప్పటి చివరి కమిట్. మధ్యలో రెండు చుక్కలే ఉండాలి. మూడు పెడితే రెండు వైపులా విడిపోయిన కమిట్లన్నీ కలిసి వస్తాయి. ఎస్, హెచ్ రెండూ చిన్న అక్షరాలే. పెద్ద హెచ్ కొడితే హాష్ (కమిట్ గుర్తింపు కోడ్) మొత్తం పడుతుంది. వచ్చిన జాబితాను కోడ్ రాయని టెస్టర్‌కు చూపించండి. చదివి అర్థం చేసుకోలేకపోతే టూల్ పెట్టే సమయం ఇంకా రాలేదు.

సందేశాలకు కన్వెన్షనల్ కమిట్స్ 1.0.0 పద్ధతి సరిపోతుంది. ముందు రకం, బ్రాకెట్లలో విభాగం, కోలన్, ఒక ఖాళీ, తర్వాత వివరణ:

ఫిక్స్(టికెట్): మియాపూర్–ఎల్బీ నగర్ ప్రయాణానికి ఛార్జీ రెండుసార్లు కట్ అవడం ఆపాం

'ఫిక్స్' వస్తే 1.4.2 కాస్తా 1.4.3 అవుతుంది. 'ఫీట్' (కొత్త ఫీచర్) వస్తే 1.5.0. రకం తర్వాత ఆశ్చర్యార్థకం ఉన్నా, సందేశం చివర 'బ్రేకింగ్ ఛేంజ్:' (పాత వాడకం పనిచేయకుండా చేసే మార్పు) అని పెద్ద అక్షరాల్లో ఉన్నా 2.0.0.

వివరణ తెలుగులో రాసుకోవచ్చు, తెలుగు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతితో గిట్‌కు ఇబ్బంది లేదు. రకం మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి. పొడవు దగ్గర ఇంకో చిక్కుంది: సందేశాలను తనిఖీ చేసే కమిట్‌లింట్ టూల్ మామూలు నియమాల్లో మొదటి వరుసకు 100 అక్షరాల హద్దు ఉంది. అది గుణింతాలనూ ఒత్తులనూ విడివిడిగా లెక్కపెడుతుంది. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం దాని లెక్కలో ఆరు. తెలుగులో రాసే టీమ్ ఆ హద్దును పెంచుకోవాలి, లేకపోతే మంచి వాక్యాలన్నీ తిరస్కరణకు గురవుతాయి.

కమిట్‌లింట్‌ను ఒక్కొక్కరి ల్యాప్‌టాప్‌లో హుక్‌గా (కమిట్ చేసేటప్పుడు దానంతటదే నడిచే స్క్రిప్ట్‌గా) పెడితే చాలదు, --నో-వెరిఫై కొట్టి దాటేయొచ్చు. స్క్వాష్ మెర్జ్ (కమిట్లన్నిటినీ ఒకటిగా చేసి కలపడం) వాడుతుంటే పుల్ రిక్వెస్ట్ (మార్పును కలపమని పెట్టే అభ్యర్థన) శీర్షికనే సీఐలో (కోడ్‌ను దానంతటదే పరీక్షించే సర్వర్‌లో) తనిఖీ చేయండి. గిట్‌హబ్‌లో ఒకే కమిట్ ఉన్న పుల్ రిక్వెస్ట్‌ను స్క్వాష్ చేస్తే, సెట్టింగ్ మార్చకపోతే, శీర్షికకు బదులు ఆ కమిట్ సందేశమే వెళ్తుంది. రిపోజిటరీ సెట్టింగ్స్‌లో శీర్షికనే తీసుకోమని మార్చండి. ఈ ఒక్క మార్పు చేయక తనిఖీ దాటిన చెత్త సందేశాలు చాలా ఉంటాయి.

ఇక టూల్. కమిట్ల నుంచి ఛేంజ్‌లాగ్ తయారుచేసే గిట్-క్లిఫ్ తీసుకుంటే, 'గిట్ క్లిఫ్ --ఇనిట్' కొట్టగానే క్లిఫ్.టోమల్ ఫైల్ వస్తుంది. అందులో ఏ రకం ఏ శీర్షిక కిందికి వెళ్లాలో రాయాలి: ఫీట్‌కు 'కొత్తవి', ఫిక్స్‌కు 'సరిచేసినవి', చోర్‌కు (వాడేవాళ్లకు కనిపించని నిర్వహణ పనులకు) స్కిప్. నియమాలను పైనుంచి కిందికి చూస్తుంది, మొదట కలిసినదే ఖాయం. 'ఫిల్టర్_అన్‌కన్వెన్షనల్' ట్రూగా ఉంటే పద్ధతి పాటించని కమిట్లు చప్పుడు లేకుండా మాయమవుతాయి. మొదటి రెండు మూడు రిలీజ్‌ల వరకు దాన్ని ఫాల్స్ చేసి, మిగిలినవన్నీ 'ఇతరాలు' కింద పడేలా చివర ఒక నియమం పెట్టండి. ఎవరు పద్ధతి తప్పుతున్నారో తెలిసిపోతుంది. 'ప్రొటెక్ట్_బ్రేకింగ్_కమిట్స్' ట్రూ చేయడం మరవొద్దు, లేకపోతే చోర్‌లో వచ్చిన బ్రేకింగ్ మార్పు కూడా స్కిప్ అవుతుంది.

రిలీజ్ రోజు వరుస ముఖ్యం. ముందు:

గిట్ క్లిఫ్ --అన్‌రిలీజ్డ్ --ట్యాగ్ వి1.5.0 --ప్రీపెండ్ ఛేంజ్‌లాగ్.ఎండీ

తర్వాత ఫైల్ చదివి, సరిదిద్ది, కమిట్ చేయాలి. ఆ కమిట్ మీదే 'గిట్ ట్యాగ్ -ఏ వి1.5.0' వేయాలి. ట్యాగ్ ముందే వేస్తే ఆ వెర్షన్ దింపుకున్నవాళ్లకు పాత ఛేంజ్‌లాగే దొరుకుతుంది. ప్రీపెండ్ బదులు -ఓ వాడితే ఫైల్ మొత్తం మళ్లీ తయారై, చేత్తో దిద్దినవన్నీ పోతాయి.

సరిదిద్దేటప్పుడు ముఖ్యంగా వెతకాల్సింది రివర్ట్‌లు, అంటే ముందటి కమిట్‌ను వెనక్కి తీసే కమిట్లు. గిట్ రివర్ట్ రాసే సందేశం రకంతో మొదలవదు, కాబట్టి 'ఫిల్టర్_అన్‌కన్వెన్షనల్' ట్రూగా ఉంటే వడపోతలో పోతుంది. వెనక్కి తీసిన ఫీచర్ మాత్రం 'కొత్తవి' కింద నిలిచిపోతుంది. లేని ఫీచర్‌ను ప్రకటించినట్టవుతుంది. రెండూ ఒకే రిలీజ్‌లో ఉంటే ఆ వరుసను తీసేయండి. క్లయింట్ పేర్లు, భద్రతా లోపాన్ని వాడుకునే దారి చూపే మాటలు ఉన్నా అప్పుడే తీయాలి.

సీఐలో నడిపితే ఛేంజ్‌లాగ్ ఖాళీగా రావడం మామూలు. గిట్‌హబ్ వాళ్ల సీఐ అయిన గిట్‌హబ్ యాక్షన్స్‌లో, కోడ్‌ను తెచ్చే చెకౌట్ అడుగు మామూలుగా ఒక్క కమిట్‌నే తెస్తుంది. 'ఫెచ్-డెప్త్: 0' పెడితే చరిత్రా ట్యాగులూ అన్నీ వస్తాయి. తేదీ సంగతీ చూడండి. టూల్ తేదీని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) వేస్తుంది. మన సమయం దానికంటే 5:30 గంటలు ముందు, కాబట్టి హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటాక తెల్లవారుజామున 5:30 లోపు చేసిన రిలీజ్‌కు నిన్నటి తేదీ పడుతుంది. టెంప్లేట్‌లోని డేట్ ఫిల్టర్‌కు టైమ్‌జోన్ 'ఏషియా/కోల్‌కతా' ఇవ్వండి.

పాత చరిత్రను రీబేస్ చేసి (కమిట్లను తిరగరాసి) సందేశాలు మార్చాలనుకోవద్దు. హాష్‌లు మారి అందరి బ్రాంచీలూ చెదిరిపోతాయి. పద్ధతి మొదలుపెట్టిన ట్యాగ్ నుంచే టూల్‌ను నడపండి, అంతకు ముందు చేత్తో రాసిన ఛేంజ్‌లాగ్‌ను కింద అలాగే ఉంచండి.