పిల్లలకు పెరటి తోట: ఆటకు లోటు లేకుండా, ప్రమాదానికి చోటు లేకుండా ఎలా వేసుకోవాలి?

పిల్లలున్న ఇంట్లో తోట వేయాలనుకున్నప్పుడు పెద్దలు ఎక్కువగా రెండు దారుల్లో ఒకటి పడతారు. పచ్చిక పరిచి, ఖరీదైన పూలకుండీలు వరసగా పెట్టి, ముట్టుకుంటే కసరడం ఒకటి. బురద అంటుకోకూడదని ఆవరణంతా సిమెంటు చేయించి, ఒక మూల ప్లాస్టిక్ జారుడుబల్ల పెట్టి ఆడుకోమనడం రెండోది. రెండింటిలోనూ పిల్లలకు తోట దక్కదు. మట్టి తవ్వడానికి, నీళ్ళు మళ్ళించడానికి, కొమ్మెక్కడానికి, కాయ కోసి అక్కడే తినడానికి వాళ్ళు పెరట్లోకి వెళతారు. ఆ పనులన్నీ నిశ్చింతగా చేసుకోనిచ్చేదే మంచి పెరడు. అందుకు ఒక సూత్రం పెట్టుకోవచ్చు: రోజూ "వద్దు, వద్దు" అని అరవవలసిన వస్తువు ఏది కనిపించినా, పిల్లలను అదుపు చేయడానికి ముందు ఆ వస్తువును అక్కడి నుంచి తీసేయాలి; తీయలేకపోతే మూత వేయాలి; అదీ కుదరకపోతే మధ్యలో కంచె కట్టాలి.

ఇక్కడి కొలతలు ఇంటి వెనక రెండు సెంట్ల ఖాళీ స్థలాన్ని, అంటే సుమారు 97 చదరపు గజాలను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. అంతకంటే తక్కువ ఉన్నవారు చెట్ల సంఖ్య తగ్గించుకోవాలి గాని, ఇసుక గుంటనూ పిల్లల మడినీ వదులుకోకూడదు.

మొదటి పని: పిల్లల ఎత్తు నుంచి చూడడం

కాగితం మీద పటం గీసే ముందు పెరట్లో చతికిలబడి, మూడేళ్ళ బిడ్డ కంటి ఎత్తు నుంచి చుట్టూ చూడాలి. కుళాయి కింద పొడుచుకు వచ్చిన రేకు, మోటారు దగ్గర వేలాడే వైరు, కిందికి జారి పరుగెత్తే పిల్లల మెడకు తగిలేలా ఉన్న బట్టల తీగ, ఇవన్నీ ఆ ఎత్తులోనే బయటపడతాయి. తరువాత ఉదయం, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం నీడ ఎక్కడెక్కడ పడుతుందో గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్ళలో నీడ లేని ఆటస్థలం సెలవులన్నీ ఖాళీగానే పడి ఉంటుంది. చివరగా వంటింటి కిటికీ దగ్గర నిలబడి పెరడు ఎంత మేర కనబడుతుందో చూడాలి. ఐదేళ్ళలోపు పిల్లలు ఆడే చోటు ఆ చూపు మేరలోనే ఉండాలి.

రెండో పని: ప్రాణాంతకమైనవాటిని తొలగించడం

అన్నిటికంటే ముందు నీరు. అప్పుడప్పుడే నడక నేర్చిన బిడ్డ తలకిందులుగా పడితే తనంతట తాను లేవలేదు కాబట్టి, అడుగున కొన్ని అంగుళాల నీళ్ళున్న బకెట్టు కూడా ముప్పే. సంపు మూత గొళ్ళెం పెట్టి తాళం వేయగలిగేదై ఉండాలి. ట్యాంకరు కోసం తీసిన మూతను ఆ లారీ కదలకముందే తిరిగి వేయించాలి. బావి ఉంటే చుట్టుగోడ ఎత్తించి, పైన ఇనుప జాలీ బిగించాలి. కలువల తొట్టి మీద ఎంత మనసున్నా పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యేదాకా ఆగడం మంచిది. నిలవ నీటితో మరో బాధ దోమలు. డెంగీని మోసుకొచ్చే దోమ శుభ్రమైన నీటిలోనే పెరుగుతుంది, మన వేడికి వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. అందువల్ల పిట్టల నీళ్ళ మూకుళ్ళను, కుండీల కింది పళ్ళేలను వారం తిరగకముందే ఒంపి, లోపలి అంచులు రుద్ది కడగాలి.

తరువాతివి విషపు మొక్కలు. వీటి గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే వీటిలో చాలా వరకు మన ఇళ్ళ చుట్టూ అలవాటుగా పెరిగేవే. గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ గుండె లయను దెబ్బతీసే విషమే. పూజకు పూలిచ్చే పచ్చగన్నేరుతో మరింత జాగ్రత్తగా ఉండాలి. దాని ఆకుపచ్చని కాయ పిల్లలకు తినే కాయలా కనిపిస్తుంది, విషం ఎక్కువగా ఉండేది దాని లోపలి గింజలో. ఉమ్మెత్త గింజలు తిన్నవారికి నోరు ఎండిపోయి, కంటిపాపలు పెద్దవై, మతి చలిస్తుంది. గురివింద గింజను గాని ఆముదపు గింజను గాని నమిలి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. కంచెకు నాటే అడవి ఆముదం గింజలు రుచిగా ఉండడం వల్ల పిల్లలు గుప్పెడు తినేసి వాంతులతో ఆసుపత్రి పాలవుతుంటారు. నీడలో అలంకారానికి పెంచే మచ్చల ఆకుల డిఫెన్‌బాకియాను కొరికితే నాలుక, గొంతు వాచిపోతాయి. జిల్లేడు పాలు, జెముడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఇవి పెరట్లో ఉంటే చేతితొడుగులు వేసుకుని వేళ్ళతో సహా పెకలించాలి, గన్నేరు కొమ్మలను మాత్రం కాల్చకూడదు, ఆ పొగ కూడా హాని చేస్తుంది. పూజకు పువ్వులేవని ఇంట్లో పెద్దవాళ్ళు నొచ్చుకోకుండా, తీసిన చోటనే మందారం, నూరువరహాలు, పారిజాతం నాటి చూపించాలి.

ఇంత చేసినా బిడ్డ ఏదో నమిలినట్టు అనుమానం వస్తే, నోరు కడిగించి, ఆ మొక్క రెమ్మ ఒకటి వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. 108కి ఫోన్ చేయవచ్చు. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించడం ఇంట్లో అందరూ సలహా చెప్పే వైద్యమే అయినా, దానివల్ల మేలు కంటే కీడే ఎక్కువ.

పాములు ఎలుకల కోసం వస్తాయి, ఎలుకలు కుప్పల కోసం వస్తాయి. అందుచేత మిగిలిపోయిన ఇటుకలు, కొబ్బరి డొక్కలు, పాత రేకులు పెరట్లో ఉంచకూడదు. కట్టెలు తప్పనిసరైతే నేలకు అడుగు ఎత్తున బల్ల మీద పేర్చాలి. ఇంటికి, ఆటస్థలానికి మధ్య దీపం ఉండాలి. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయకుండా, బిడ్డను నడిపించకుండా, కరిచిన అవయవం కదలకుండా చూసుకుంటూ ఆసుపత్రికి చేర్చాలి. ఇక బోరు మోటారుకు ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ రెండూ పెట్టించాలి.

మూడో పని: నేలను పంచడం

పెరడు అంచుల వెంట మూడడుగుల వెడల్పుతో, తిరిగి మొదటికే వచ్చే బాట ఒకటి వేయాలి. నేరుగా వెళ్ళి గోడ దగ్గర ఆగిపోయే బాట మీద పిల్లలకు ఆట సాగదు. చుట్టు తిరిగే బాట మీద మూడు చక్రాల సైకిలూ, పరుగు పందెమూ, రైలాటా అన్నీ నడుస్తాయి. కడప రాళ్ళు, తాండూరు బండలు వాడేటట్టయితే నునుపు చేయనివి ఎంచుకోవాలి, లేకపోతే వానకు పాచి పట్టి జారతాయి. బాట లోపలి భాగంలో వంటింటి వైపున ఇసుక గుంట, దానికి కాస్త దూరంగా ఉయ్యాల, ఎండ బాగా తగిలే చోట మడులు ఉండాలి. కొబ్బరి చెట్టు ఉంటే దాని కింద ఆటస్థలం పెట్టకూడదు, మట్టలూ కాయలూ ఎప్పుడు పడతాయో చెప్పలేము.

మిద్దె మీద తోట వేసేవారికి ఒక్క మాట: పిట్టగోడ పక్కన కుండీలు, బల్లలు, ఎక్కడానికి వీలైన వస్తువు ఏదీ ఉంచకూడదు.

నాలుగో పని: ఇసుక గుంట, ఉయ్యాల

ఇసుక గుంటకు ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, అడుగు లోతు సరిపోతాయి. ఒక అడుగు మేర తవ్వి, నీరు ఇంకడానికి అడుగున కాస్త కంకర పరిచి, దాని మీద గోనెలు పరిచి, జల్లించి కడిగిన ఇసుక నింపాలి. రాత్రిళ్ళు దాని మీద మూత తప్పనిసరి, ఎందుకంటే పిల్లులు మలవిసర్జనకు ఇసుకనే వెతుక్కుంటాయి, ఆ మలంలోని పురుగుల గుడ్లు పిల్లల నోటికి చేరతాయి. పక్కనే ఒక కుళాయి, రెండు పాత గిన్నెలు, ఒక గరిటె ఉంచితే పిల్లలు ఇసుకతో వంటలు వండుకుంటూ గంటలు గడిపేస్తారు. ఆట అయ్యాక గిన్నెలన్నీ బోర్లించాలి.

అట్లతద్దికి చెట్టుకు ఉయ్యాల కట్టడం మనకు తెలిసిన వేడుకే. ఏడాది పొడవునా ఉండాలంటే మాత్రం కొమ్మను జాగ్రత్తగా ఎంచుకోవాలి. వేప, చింత, మామిడి కొమ్మలు బరువు మోస్తాయి. మునగ, నేరేడు కొమ్మలు పెళుసు, చిన్న పిల్లలనైనా నమ్మి ఎక్కించకూడదు. కొమ్మ కనీసం పెద్దవాళ్ళ తొడంత లావుండాలి. పీట నేలకు అడుగు కంటే తక్కువ ఎత్తులో ఉండకూడదు. ఉయ్యాల కింద, జారుడుబల్ల కింద సిమెంటు గాని గట్టి నేల గాని పనికిరాదు, తొమ్మిది అంగుళాల మందాన మెత్తని ఇసుక పోసి, చుట్టూ ఆరడుగుల దాకా పరచాలి. ఊగేటప్పుడు చున్నీ, మెడలో తాడు తీసేయించాలి. కంచెలో, నిచ్చెన మెట్లలో, జారుడుబల్ల చువ్వలలో సందు మూడున్నర అంగుళాలకు తక్కువగానో తొమ్మిది అంగుళాలకు ఎక్కువగానో ఉండాలి. ఆ మధ్య కొలతలో ఉంటే ఒళ్ళు దూరి తల ఇరుక్కుంటుంది. రేకు జారుడుబల్ల ఎండకు కాలి చర్మం బొబ్బలెక్కిస్తుంది కాబట్టి దాన్ని చెట్టు నీడలోనే పెట్టాలి.

ఐదో పని: పిల్లలు ముట్టుకోదగ్గ మొక్కలు

పెద్ద చెట్టుగా ఒక్క జామ చాలు. కొమ్మలు కిందికే ఉండి, వంగినా త్వరగా విరగవు, అంటు మొక్క రెండు మూడేళ్ళలో కాపుకు వస్తుంది, చెట్టెక్కడం నేర్పడానికి అంతకు మించిన గురువు లేదు. వేసవిలోనే రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గొయ్యి తవ్వి ఎండనిచ్చి, మృగశిర కార్తెలో వానలు పడగానే పశువుల ఎరువు కలిపిన మట్టితో నాటాలి. మునగ పెంచితే ఆటస్థలానికి దూరంగా పెంచాలి. కాండం నిండా పట్టే కంబళిపురుగులు తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి.

కరివేపాకు మొక్క ఒకటి బాట పక్కనే ఉండాలి. దాని లేత ఆకుల మీద నిమ్మ సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. మొదట పిట్ట రెట్టలా కనిపించే గొంగళిపురుగు తరువాత ఆకుపచ్చగా మారి, రెమ్మకు అంటుకుని గూడు కట్టుకుని, చివరకు రెక్కలతో బయటికి వస్తుంది. ఈ మార్పంతా పిల్లలు కళ్ళారా చూడాలంటే కొన్ని ఆకులు పోయినా సరేనని ఇంట్లో ముందే ఒప్పుకోవాలి. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తిని కుండీలో పెంచవచ్చు, సన్నని ముళ్ళుంటాయని మాత్రం చెప్పాలి. వెదురు బద్దలను విల్లులా వంచి నాలుగడుగుల ఎత్తున సొరంగంలా కట్టి, ఒక వైపు బచ్చలి, రెండో వైపు చిక్కుడు పాకిస్తే పిల్లలకు దాక్కునే ఇల్లు, ఇంటికి కూర రెండూ దొరుకుతాయి.

ఆరో పని: పేరు రాసి ఇచ్చిన మడి

ఒక్కో బిడ్డకు మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల మడి సొంతంగా ఇవ్వాలి. చిన్న చెయ్యి అవతలి అంచుకు అందాలి గనక అంతకంటే వెడల్పు వద్దు. మొదటి విత్తనంగా మెంతులు చల్లించాలి: నాలుగైదు రోజుల్లో మొలకెత్తి, మూడు నాలుగు వారాల్లో కూరకు వస్తాయి, పిల్లల ఓపిక అంతవరకు ఆగుతుంది. తరువాత తోటకూర, ముల్లంగి, అవి అయ్యాక బెండ. ఒత్తుగా చల్లినా, రోజూ తవ్వి చూసినా ఊరుకోవాలి. మడి తనదని నమ్మిన బిడ్డే దానికి నీళ్ళు పోస్తుంది. చేతికి తగిన తొలిక (కలుపు తీసే చిన్న పార), చిన్న నీళ్ళ డబ్బా ఇచ్చి, గునపం, కొడవలి మాత్రం గదిలో పెట్టి తాళం వేయాలి. పెరట్లో చెప్పులు, బయటికి వచ్చాక సబ్బుతో చేతులు కడగడం, ధనుర్వాతం టీకా సకాలంలో వేయించడం ఈ మడితో పాటే అలవాటు చేయవలసినవి.

పురుగు మందులు ఈ పెరట్లోకి రానే కూడదు. పురుగు ఎక్కువైతే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం చల్లితే సరిపోతుంది. అయితే వేపనూనె కూడా పసిపిల్లలు తాగితే విషమే, కాబట్టి దాన్ని అందని ఎత్తులో, దాని సొంత సీసాలోనే ఉంచాలి. కూల్‌డ్రింకు సీసాలో ఎప్పుడూ పోయకూడదు.

ఏడో పని: నెలకోసారి తనిఖీ

ఉయ్యాల తాడు కొమ్మకు రాసుకునే చోట పోగులు లేచాయేమో చూసి, లేస్తే మార్చాలి. ఇసుకను తిరగేసి ఎండనివ్వాలి, వానాకాలంలో బాట మీది పాచిని గీకించాలి. రాలిన గింజల వల్ల ఆముదం, ఉమ్మెత్త, గురివింద మళ్ళీ మొలుస్తాయి, వయ్యారిభామ గాలికే వచ్చేస్తుంది. అన్నిటినీ పూత పట్టకముందే పీకేయాలి. పిల్లలు పదేళ్ళు దాటి ఇసుక గుంట వైపు వెళ్ళడం మానేశాక, అందులో సగం ఎరువు, సగం మట్టి కలిపి నింపితే వంగకు, టమాటాకు తయారైన మడి అవుతుంది.