పాత షెవీ కె10 పికప్‌ని నాలుగు అంగుళాలు ఎత్తు చేయడం ఎలా?

1973 నుంచి 1987 వరకు అమెరికాలో వచ్చిన చదరపు మూతి షెవర్లే కె10 పికప్‌కి ముందూ వెనకా కమాన్ కట్టలే (లీఫ్ స్ప్రింగులే) ఉంటాయి. (చివరి ఏడాది పేరు వి10గా మారింది, బండి అదే.) ముందు చక్రాలు రెండూ ఒకే గట్టి యాక్సిల్ మీద ఉంటాయి కాబట్టి లిఫ్ట్ కిట్ (బండిని ఎత్తు చేసే సామాను) వేయడానికి ఇంతకన్నా సూటి బండి దొరకడం కష్టం. పాత కట్టలు విప్పి, వంపు ఎక్కువున్న కొత్తవి బిగిస్తే బండి లేస్తుంది. అయితే అది పనిలో సగమే. స్టీరింగ్ రాడ్, బ్రేక్ గొట్టాలు, ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నీ పాత ఎత్తుకు కొలిచి పెట్టినవి. వాటిని కొత్త ఎత్తుకు సర్దకుండా హైవే ఎక్కితే బండి నడిపేవాడి మాట వినదు.

కిట్ కొనేముందు అమెరికాలో మీరున్న రాష్ట్రంలో బంపర్ ఎత్తుకు ఎంతవరకు అనుమతి ఉందో చూసుకోండి. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో లెక్క ఉంది. ఇండియాలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చనివ్వదు. అందుకే ఇక్కడ చెప్పేదంతా అమెరికా రోడ్ల మీదున్న బండి గురించే.

ఏమేం కావాలి

నాలుగు అంగుళాల ముందు కమాన్ కట్టలు ఒక జత, వెనకవైపు ఎత్తుకు కావలసిన సరంజామా (దాని సంగతి కింద ఉంది), కొత్త యూ-బోల్టులు (కట్టను యాక్సిల్‌కి బిగించేవి) 8, నట్లు 16, పొడవు షాక్ అబ్జార్బర్లు 4, ఎత్తు స్టీరింగ్ ఆర్మ్ ఒకటి, ముందుకు రెండు, వెనక్కి ఒకటి పొడవు బ్రేక్ గొట్టాలు, బంప్ స్టాప్‌ల (యాక్సిల్ పైకొచ్చి ఛాసిస్‌కి కొట్టుకోకుండా ఆపే రబ్బర్ల) కింద పెట్టే దిమ్మలు, బుష్‌లు. పాత యూ-బోల్టులు మళ్లీ వాడకండి. ఒకసారి బిగిసిన యూ-బోల్టు సాగిపోయి ఉంటుంది. రెండోసారి టార్క్ సరిగ్గా చూపించినా పట్టు నిలవదు.

పనిముట్లలో 3 టన్నుల స్టాండ్లు నాలుగు, ఫ్లోర్ జాకీలు రెండు, పొడవు బ్రేకర్ బార్, 150 ఫుట్-పౌండ్ల వరకు చూపించే టార్క్ రెంచ్, గ్రైండర్, కోణం చూసే గేజ్ ఉండాలి. షాకిల్ (కట్ట చివరను ఛాసిస్‌కి కలిపే ఊగే లింక్) బోల్టులకూ యూ-బోల్టు నట్లకూ తుప్పు వదిలించే నూనె రెండు మూడు రోజుల ముందు నుంచే పూటపూటా పోస్తూ ఉండండి. నలభై ఏళ్ల తుప్పు ఒక్క గంటలో వదలదు.

ముందుగా ఛాసిస్ చూడాలి

ఈ బండ్లకు ఒక పేరుమోసిన జబ్బు ఉంది. స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట, డ్రైవర్ వైపు ఛాసిస్ పట్టీ చీలుతుంది. అక్కడి మట్టీ గ్రీజూ వైర్ బ్రష్‌తో పూర్తిగా గీకి, బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, టార్చ్ లైటును పక్కనుంచి ఏటవాలుగా పట్టి చూడండి. బోల్టు రంధ్రం అంచు నుంచి వెంట్రుకంత గీత, దాని పొడవునా సన్నగా ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే అది చీలికే. ఇంకా అనుమానముంటే ఇంజన్ ఆన్ చేసి ఇంకొకర్ని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని చెప్పి చూడండి. బాక్స్‌తో పాటు ఛాసిస్ కదులుతుంటే ఊపిరి తీసుకుంటున్నట్టు గీత తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. పెద్ద టైర్లు వేస్తే ఆ బలం ఇంకా పెరుగుతుంది. ముందు వెల్డింగ్ చేయించి, బ్రేస్ ప్లేట్ వేయించాకే లిఫ్ట్ మాట ఎత్తాలి.

ఆ తర్వాత బండిని చదునైన నేల మీద నిలిపి, హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు నాలుగు చక్రాల దగ్గరా కొలిచి రాసుకోండి. పని అయ్యాక ఎంత లేచిందో, ఏ పక్కకు వాలిందో ఈ నాలుగు అంకెలే చెబుతాయి.

ముందు కట్టలు మార్చడం

వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. బండి ముందుభాగాన్ని ఛాసిస్ దగ్గర ఎత్తి, కమాన్ వెనక బ్రాకెట్‌కి కాస్త వెనగ్గా స్టాండ్లు నిలపండి. రెండో జాకీ యాక్సిల్ కింద ఉండాలి. ఒక్కసారి ఒక్క పక్కే విప్పండి. రెండు పక్కలా ఒకేసారి విప్పితే యాక్సిల్ జాకీ మీద దొర్లుతుంది, దాన్ని మళ్లీ వరసకు తేవడానికి పూట పోతుంది.

చక్రం తీసి, బ్రేక్ క్యాలిపర్‌ని తీగతో ఛాసిస్‌కి వేలాడదీయండి. గొట్టం మీద బరువు పడకూడదు. షాక్ అబ్జార్బర్, స్వే బార్ లింక్ విప్పండి. యూ-బోల్టు నట్లు రాకపోతే కుస్తీ పట్టకుండా గ్రైండర్‌తో కోసేయండి, ఎలాగూ పారేసేవే. యాక్సిల్‌ని మెల్లగా దించి, వెనక షాకిల్ బోల్టు, ముందు కంటి (కట్ట చివరి చుట్ట) బోల్టు తీస్తే కట్ట చేతికొస్తుంది. బరువుగా ఉంటుంది, ఇద్దరు పట్టుకోండి.

కొత్త కట్టకు సెంటర్ బోల్టు (రేకులన్నిటినీ కలిపి పట్టేది) సరిగ్గా నడిమధ్యన ఉండదు, ఒక వైపు పొడవు, ఒక వైపు పొట్టి. పాతదాన్ని పక్కన పెట్టి చూసి అదే దిక్కున ఎక్కించండి. తిప్పి వేస్తే యాక్సిల్ ముందుకో వెనక్కో జరిగి, టైరు ఫెండర్‌కి రాసుకుంటుంది. పాలీయురేథేన్ బుష్‌లైతే గ్రీజు బాగా పూయాలి, లేకపోతే నెల తిరక్కుండా కిర్రుమంటాయి. రెండు చివర్ల బోల్టులూ ప్రస్తుతానికి చేత్తో తిప్పి వదిలేయండి.

యాక్సిల్‌ని లేపుతూ, సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీది రంధ్రంలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. తల అంచు మీద నిలబడి ఉండగానే యూ-బోల్టులు బిగించేయడం చాలామంది చేసే పొరపాటు. నాలుగు రోజుల తర్వాత అది టక్కున రంధ్రంలోకి దిగితే యూ-బోల్టులు అన్నీ ఒక్కసారిగా వదులవుతాయి. నట్లను ఎక్స్ ఆకారంలో కొంచెం కొంచెంగా, కిట్ కాగితంలో ఇచ్చిన టార్క్ వరకు తేవాలి.

ముందువైపు ఎత్తుకోసం యాక్సిల్‌కీ కట్టకీ మధ్య దిమ్మలు మాత్రం ఎప్పుడూ వాడకండి. బ్రేక్ వేసినప్పుడు ముందు యాక్సిల్ మీద పడే మెలికకు దిమ్మ జారితే స్టీరింగ్ చేతిలోంచి పోతుంది.

స్టీరింగ్, బ్రేకులు: అసలు పని ఇక్కడే

బండి లేచాక స్టీరింగ్ బాక్స్ పైకి పోయింది, చక్రం కిందే ఉండిపోయింది. మధ్యనున్న డ్రాగ్ లింక్ ఏటవాలుగా నిలబడుతుంది. అప్పుడు గుంతలో చక్రం పైకి లేచిన ప్రతిసారీ ఆ రాడ్ చక్రాన్ని తోస్తుంది. మీరు తిప్పకుండానే బండి పక్కకు లాగుతుంది. దీనికి మందు ఎడమ నకుల్ (చక్రాన్ని పక్కలకు తిప్పే కీలు) పైన ఉండే స్టీరింగ్ ఆర్మ్‌ని ఎత్తైనదానితో మార్చడం. పిట్‌మన్ ఆర్మ్‌ని (స్టీరింగ్ బాక్స్ నుంచి వచ్చే చేతిని) కిందికి దించే పద్ధతీ ఉంది గానీ, అది పైన చెప్పిన ఛాసిస్ చీలికను ఇంకా పెంచుతుంది. ఈ బండికి ఎత్తు ఆర్మే మేలు.

పాత ఆర్మ్ మూడు స్టడ్ల మీద, శంకు ఆకారపు వాషర్లతో పట్టుకుని ఉంటుంది. నట్లు తీశాక ఆర్మ్ పక్కల మీద సుత్తితో గట్టిగా కొడితే అదురుకు వాషర్లు వదులుతాయి. స్టడ్ తల మీద కొడితే మరలు పోతాయి. కొత్త ఆర్మ్ పెట్టాక డ్రాగ్ లింక్ దాదాపు నేలకు సమాంతరంగా ఉందో లేదో చూడండి.

పొడవు బ్రేక్ గొట్టాలు వేసి, యాక్సిల్‌ని పూర్తిగా కిందికి వేలాడనిచ్చి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివర వరకు తిప్పండి. గొట్టం ఎక్కడా బిగుసుకోకూడదు, టైరుకు తగలకూడదు. అదే సమయంలో ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని చేత్తో తిప్పి చూడండి. జాయింట్ ఎక్కడైనా పట్టేస్తే, స్ప్లైన్ మరీ బయటికి వచ్చేస్తే షాఫ్ట్ పొడిగించాల్సిందే. యాక్సిల్ బ్రీదర్ గొట్టం కూడా చాలుతుందో లేదో చూడండి.

వెనకవైపు

ఇక్కడ మూడు దారులు ఉన్నాయి: నాలుగంగుళాల దిమ్మ, ఎక్కువ వంపున్న కట్ట, షాకిల్ ఫ్లిప్. దిమ్మ చవక, గంటలో పని అయిపోతుంది. కానీ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు కట్ట ఎస్ ఆకారంలో మెలిపడుతుంది. ఒక దిమ్మ మీద ఇంకో దిమ్మ పెట్టడం మాత్రం వద్దు. ఈ బండికి నప్పేది ఫ్లిప్. కంపెనీ షాకిల్ బ్రాకెట్ నుంచి పైకి నిలబడి ఉంటుంది. కొత్త బ్రాకెట్‌తో అది కిందికి వేలాడుతుంది, సుమారు నాలుగంగుళాల ఎత్తు వస్తుంది, పాత కట్ట మెత్తదనం అలాగే ఉంటుంది.

పాత బ్రాకెట్లు రివెట్లతో ఉంటాయి. తలలు గ్రైండర్‌తో అరగదీసి, మధ్యలో డ్రిల్ వేసి, పంచ్‌తో కొడితే ఊడివస్తాయి. ఒక్క విషయం మరిచిపోకండి: ఈ పికప్‌ల పెట్రోల్ ట్యాంకులు ఛాసిస్‌కి బయట పక్కనే ఉంటాయి. నిప్పురవ్వలు అటు పోకుండా తడి దుప్పటి అడ్డం పెట్టి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి. ఆవిరి వాసన వస్తుంటే గ్రైండర్ ఆన్ చేయకండి. కొత్త బ్రాకెట్లకు గ్రేడ్ 8 బోల్టులు వాడండి.

ఫ్లిప్‌తో వెనక డిఫరెన్షియల్ ముక్కు కాస్త పైకి తిరుగుతుంది. గేజ్‌తో ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ బలాన్ని ముందు, వెనక యాక్సిల్‌లకు పంచే పెట్టె) చివర కోణం, పినియన్ (ఆ డిఫరెన్షియల్ ముక్కు) కోణం కొలిచి రెండూ సమానంగా, మహా అయితే ఒకటి రెండు డిగ్రీల తేడాతో ఉండేలా స్టీల్ షిమ్‌లతో (యాక్సిల్‌కీ కట్టకీ మధ్య పెట్టే ఏటవాలు బిళ్లలతో) సర్దండి. అల్యూమినియం షిమ్‌లు నలిగిపోయి యూ-బోల్టును వదులు చేస్తాయి.

దించాక

బ్రేక్ గాలి తీసే వరస: కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు. బండిని నేల మీద దించి, రెండు మూడుసార్లు ఊపి, అప్పుడే షాకిల్, కంటి బోల్టులు పూర్తిగా బిగించండి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్‌లు మెలితిరిగి త్వరగా చిరుగుతాయి.

బండి రోడ్డు మీద అటూ ఇటూ తేలుతుంటే కాస్టర్ (చక్రం పక్కలకు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తక్కువైనట్టు. ముందు యాక్సిల్‌కి పెట్టిన షిమ్ మందపు అంచు వెనక్కి ఉంటే కాస్టర్ పెరుగుతుంది, కానీ పినియన్ ముక్కు కిందికి దిగి షాఫ్ట్ కోణం పెరుగుతుంది. రెండింటికీ మధ్య రాజీ కుదర్చాలి కాబట్టి డిగ్రీ డిగ్రీకీ నడిపి చూడండి. టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు లోపలికి తిరిగి ఉండే కొలత) 1/16 నుంచి 1/8 అంగుళం ఉంచి, స్టీరింగ్ చక్రం నడిమికి రావడం డ్రాగ్ లింక్ స్లీవ్‌తో సర్దండి.

33 అంగుళాల టైర్లు పడతాయి. 29 అంగుళాల టైర్ల నుంచి మారితే స్పీడోమీటర్ 60 చూపించేటప్పుడు బండి నిజానికి 68 మైళ్ల వేగంతో పోతుంటుంది. స్పీడోమీటర్ గేర్ మార్పించండి. 50 మైళ్ల తర్వాత ఒకసారి, 500 మైళ్ల తర్వాత ఇంకోసారి యూ-బోల్టులకు, చక్రాల నట్లకు, స్టీరింగ్ ఆర్మ్ నట్లకు టార్క్ పెట్టి చూడండి. మొదటిసారి యూ-బోల్టులు కొంత తిరగడం మామూలే. రెండోసారి కూడా తిరిగితే సెంటర్ బోల్టు కూర్చోలేదని అర్థం, మళ్లీ విప్పాలి. పని అయిన రోజు సాయంత్రమే గోడ ముందు నిలిపి హెడ్‌లైట్లను కిందికి దించండి, ఎదురొచ్చే కారు డ్రైవర్ కళ్లలో పడకుండా.